పేరులో చుక్క

ఫ్రీబీఎస్‌డీ అనే ఆపరేటింగ్ సిస్టంలో ఆర్‌సీ డాట్ కాన్ఫ్ అనే సెట్టింగుల ఫైలు దరఖాస్తు ఫారంలా అమాయకంగా కనిపిస్తుంది. ఎడమన పేరు, నడుమ సమాన గుర్తు, కుడిన విలువ. యంత్రం పేరుకో వరుస, రౌటర్ చిరునామాకో వరుస, నెట్‌వర్క్ కార్డు డీహెచ్‌సీపీతో అడ్రసు తెచ్చుకోవాలని ఇంకో వరుస.

నిజానికది ఫారం కాదు, షెల్ ప్రోగ్రాం. సమాన గుర్తుకు అటూ ఇటూ ఖాళీ వదిలితే, షెల్ ఆ పేరును కమాండ్ అనుకుని, అలాంటిదేదీ దొరకలేదని సణుగుతుంది. కొటేషన్ మూయడం మరిచారో, బూట్ సగంలో ఆగి సింగిల్ యూజర్ మోడ్‌లో పడొచ్చు. అప్పుడు రూట్ ఫైల్‌సిస్టమ్ చదవడానికే తప్ప రాయడానికి లొంగదు. ముందు దాన్ని రాతకు తెరవాలి, తర్వాతే ఆ ఒక్క గుర్తు పెట్టాలి. యంత్రం వేరే ఊళ్లో ఉంటే ఆ రాత్రికి నిద్ర లేనట్టే.

నాకు ముచ్చటేసేది మాత్రం పేర్ల తంతు. ఇక్కడ ఇంటర్‌ఫేస్ పేరు వేరియబుల్ పేరులోనే కలిసిపోతుంది. ఇంటెల్ కార్డు ఈఎం0 అయితే, దాని సెట్టింగుండే వేరియబుల్ ‘ఐఎఫ్‌కాన్ఫిగ్_ఈఎం0’. ఏ యంత్రంలో ఏ కార్డుందో ఈ ఫైలు చదివే బూట్ స్క్రిప్టుకు ముందే తెలీదు గనక, పేరును అప్పటికప్పుడు కూర్చి, షెల్ కమాండ్ ‘ఎవాల్’ చేత విలువ రాబట్టుకుంటుంది. అంతవరకూ బాగానే ఉంది. అదే కార్డు మీద వీల్యాన్, అంటే విడి వర్చువల్ నెట్‌వర్క్, వచ్చేసరికి ఇంటర్‌ఫేస్ పేరు ‘ఈఎం0.100’ అవుతుంది. షెల్ వేరియబుల్ పేరులో అక్షరాలు, అంకెలు, అండర్‌స్కోర్ తప్ప మరేదీ చెల్లదు. అందుకని స్క్రిప్టు చుక్కను అండర్‌స్కోర్ చేసి వెతుకుతుంది. హైఫన్‌కూ అదే గతి. ఎవరైనా సరదాకి ఇంకో ఇంటర్‌ఫేస్‌కు ‘ఈఎం0_100’ అని పేరు మార్చారనుకోండి, రెండింటికీ ఒకే వేరియబుల్! అలా చేసేవాడుండడనే ధైర్యం మీదే ఈ ఏర్పాటు నడుస్తోంది.

అదనపు చిరునామాలదీ అలాంటి కథే. షెల్లో నికరమైన జాబితా లేదు కనుక అలియాస్0, అలియాస్1 అంటూ ఒకప్పుడు వేరువేరు వేరియబుళ్లే రాయాల్సి వచ్చేది. మధ్యలో ఒక అంకె తప్పితే, స్క్రిప్టు అక్కడితో జాబితా అయిపోయిందనుకునేది. మిగతా చిరునామాలు గప్‌చుప్‌గా మాయం. తప్పు జరిగిందని చెప్పకుండా ఊరుకునే యంత్రం కన్నా సణిగేదే నయం.

ఓపెన్‌బీఎస్‌డీ వాళ్లు వేరే దారి పట్టారు. ఇంటర్‌ఫేస్‌కో ఫైలు, ఇంటర్‌ఫేస్ పేరు వేరియబుల్లో కాక ఫైలు పేరులో ఉంటుంది. అయినా ఆ ఫైల్లో ఆశ్చర్యార్థకంతో మొదలయ్యే వరుస తిన్నగా షెల్ చేతికే వెళ్తుంది.