ఓరుగల్లు నుంచి రాయచూరుకు, ఒక పుస్తకం వెంట

ఓరుగల్లు కోట చూడాలంటే ముందు చార్మినార్ వెళ్ళాలనిపించింది. ఈ తిక్క ఆలోచన నాకు పుట్టించింది ఒక పుస్తకం. రిచర్డ్ ఈటన్, ఫిలిప్ వాగనర్ కలిసి రాసిన 'పవర్, మెమరీ, ఆర్కిటెక్చర్'. ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ ప్రెస్ 2014లో వేసింది. 1300 నుంచి 1600 దాకా దక్కనులో రాజ్యాలు ఏ ఊళ్ళ కోసం కొట్టుకున్నాయి, గెలిచినవాళ్ళు అక్కడి పాత కట్టడాలను ఏం చేశారు అన్నది దాని విషయం. కల్యాణి, రాయచూరు, ఓరుగల్లు ఈ మూడూ దానికి ముఖ్యమైన ఊళ్ళు. ఒకరు చరిత్రకారుడు, ఇంకొకరు కట్టడాలనూ తెలుగు గ్రంథాలనూ బాగా ఎరిగినవాడు. మన రాయవాచకాన్ని ఇంగ్లీషులోకి తెచ్చింది ఈ వాగనరే. అందుకే వీళ్ళు రాసింది గదిలో కూర్చుని చదివి పక్కన పెట్టేస్తే సరిపోదనిపించింది. రాళ్ళ ముందు నిలబడి, పేజీ తీసి, నిజమో కాదో చూసుకోవాలి.

చార్మినార్‌కు దగ్గర్లోని గుల్జార్ హౌజ్ దగ్గర నిలబడితే నాలుగు పక్కలా నాలుగు కమాన్లు. మచిలీ కమాన్, కాలీ కమాన్, చార్మినార్ కమాన్, షేర్-ఎ-బాతిల్ కమాన్. 1591లో హైదరాబాదు పుట్టిన కాలానివే ఇవి. కింద ముత్యాల కొట్లు, వెండి అంగళ్ళు, హారన్లు కొట్టే స్కూటర్లు. తలెత్తి చూసే తీరిక ఎవరికీ లేదు. ఈటన్, వాగనర్ వాదన ఏమిటంటే, కుతుబ్‌షాహీలు ఈ నాలుగు కమాన్లు వేసుకున్నప్పుడు వాళ్ళ మనసులో ఓరుగల్లు కోట మధ్యలోని నాలుగు తోరణాలున్నాయి. కాకతీయుల రాజధానికి తామే వారసులమని కొత్త నగరం నడిబొడ్డున చెప్పుకున్నారని.

చదివినప్పుడు నాకు ఒళ్ళు ఝల్లుమంది. అక్కడ నిలబడ్డాక మాత్రం అనుమానం మొదలైంది. నాలుగు దారులు కలిసేచోట నాలుగు కమాన్లు వెయ్యడం ఇరాన్ నగరాల్లో పాత అలవాటే. కుతుబ్‌షాహీలకు ఇరాన్‌తో రాకపోకలు బాగా ఉండేవి. మరి ఓరుగల్లు దాకా వెతకడం ఎందుకు? ఈ ప్రశ్న పెట్టుకునే పొద్దున్న రైలెక్కాను.

వరంగల్ స్టేషన్లో దిగి, అండర్ బ్రిడ్జి దాటి, శివనగర్ మీదుగా ఆటో ఖిలా వరంగల్ చేరుతుంది. ముందు మట్టికోట కట్ట, తర్వాత కందకం, ఆ తర్వాత రాతికోట. రాతిగోడకు 45 బురుజులు. సున్నం అంటని పెద్ద పెద్ద నల్లరాళ్ళు ఒకదానిలో ఒకటి ఇమిడి నిలబడ్డాయి. గణపతిదేవుడు మొదలుపెట్టాడు, రుద్రమదేవి పూర్తిచేసింది, ప్రతాపరుద్రుడి కాలంలో ఢిల్లీ సైన్యాలు దీన్నే పదేపదే ముట్టడించాయి. ఏకామ్రనాథుడి ప్రతాపరుద్ర చరిత్రము బురుజుకొక నాయకుడి చొప్పున 77 మంది పద్మనాయకులు కాపలా కాశారంటుంది. గోడ చుట్టూ ఉన్న బురుజులు మాత్రం 45. ఆ తేడా నన్ను ఇబ్బంది పెట్టలేదు. కాకతీయ రాజ్యం పోయిన సుమారు రెండు వందల ఏళ్ళకు, తమ తాతలు ఆ బురుజుల మీద ఉన్నారని చెప్పుకోవలసిన కుటుంబాలు ఎన్ని ఉండేవో ఆ 77 చెబుతోంది. సింథియా టాల్బట్ కాకతీయుల కాలపు శాసనాలను లెక్కగట్టి రాసిన 2001 నాటి పుస్తకం ఈ సంగతి నాకు నేర్పింది. కాకతీయ రాజులు తమ శాసనాల్లో చాలావరకు క్షత్రియులమని చెప్పుకోలేదనీ, రెడ్డి, నాయక, బోయ, సెట్టి వంటి బిరుదులు అప్పట్లో పుట్టుకతో గట్టిగా బిగుసుకోలేదనీ ఆమె శాసనాలను ముందుపెట్టి చూపిస్తుంది. ఈ ఒక్క మాట మన ఊళ్ళలో ఎన్ని కొట్లాటలను ఆపగలదో!

కోటలోపల ఊరే ఉంది. తూర్పుకోట, పడమరకోట, మధ్యకోట. కూరగాయల మళ్ళు, గేదెలు, బడి, ఇళ్ళు. మధ్యకోటలో ఆ నాలుగు తోరణాలు.

ఉత్తర, దక్షిణ తోరణాల మధ్య దాదాపు 480 అడుగుల దూరం, తూర్పు పడమరలకు అంతకంటే కాస్త తక్కువ. ఒక్కోటి 30 అడుగుల ఎత్తు. వాటి మధ్య స్వయంభూశివుడి గుడి ఉండేది, అది కాకతీయుల రాజ్యదేవత ఇల్లు. 1323లో ఉలుగ్ ఖాన్ కోటను పట్టాక దాన్ని నేలమట్టం చేశారు. తర్వాత మహమ్మద్ బిన్ తుగ్లక్ అయినవాడు ఇతడే. ఓరుగల్లుకు సుల్తాన్‌పూర్ అని పేరు పెట్టారు. ఇప్పుడక్కడ విరిగిన కంభాలు, నందులు, పైకప్పు రాళ్ళు వరసగా పేర్చి ఉన్నాయి. ఆ పేర్పుల మధ్య నడుస్తుంటే ఏ సిద్ధాంతమూ గుర్తు రాదు, బాధే కలుగుతుంది. నేను చాలాసేపు పుస్తకం తెరవలేదు.

తెరిచాక మాత్రం నాలుగు తోరణాలూ వేరేగా కనిపించాయి. గుడిని అంత శ్రమపడి కూల్చినవాళ్ళు వీటినెందుకు వదిలారు? వీటి మీద దేవుళ్ళ బొమ్మలు లేవు గనక, హంసలూ తామరమొగ్గలూ దండలే గనక అన్నది అందరూ చెప్పే జవాబు. ఈటన్, వాగనర్ ఇంకో అడుగు ముందుకేశారు. గుడి రాళ్ళతోనే మధ్యలో మసీదు లేపారు, దాని చుట్టూ ఈ తోరణాలను కావాలనే నిలబెట్టారు, పాత రాజ్యపు గౌరవం కొత్త రాజ్యానికి రావాలంటే ఆ ద్వారాలు ఉండాలి అంటారు. మధ్యలో నిలబడి ఒకసారి గుండ్రంగా తిరిగి చూశాను. నాలుగు వైపులా ఆకాశాన్ని చట్రంలో బిగించినట్టు నాలుగు రాతి ద్వారాలు. గుల్జార్ హౌజ్ దగ్గర నాకు కలిగిన అనుమానం ఇక్కడ సగం కరిగింది. ఈ దృశ్యాన్ని ఒకసారి చూసిన రాజు మర్చిపోలేడు. మిగతా సగం ఇప్పటికీ ఉంది. ఇరాన్ అలవాటూ ఓరుగల్లు జ్ఞాపకమూ రెండూ కలిసే ఆ కమాన్లు లేచి ఉంటాయని నా నమ్మకం. ఆ రెండింటిలో ఒకదాన్నే ఎంచుకోవలసిన పని లేదు.

పుస్తకం వచ్చిన 2014లోనే తెలంగాణ రాష్ట్రం వచ్చింది. రాష్ట్ర చిహ్నంలో కాకతీయ తోరణమూ చార్మినారూ ఒకదానిలో ఒకటి కూర్చున్నాయి. 2024లో ఆ చిహ్నం మార్చాలన్న మాట వచ్చినప్పుడు ఎంత వేడి పుట్టిందో అందరం చూశాం. పాత రాళ్ళను అధికారం ఎలా వాడుకుంటుందన్నదే ఆ పుస్తకం మొత్తం చెప్పే కథ. ఆ కథ 1600లో ఆగలేదు.

పక్క మడిలో బెండకాయలు తెంపుతున్న ఒక అవ్వ నా దగ్గరికి వచ్చింది. "ఏం జదువుతున్నవ్ బిడ్డా, గంత పెద్ద బుక్కు? అందుల మా కోట ఉన్నదా?" తోరణం ఫొటో చూపించాను. వేలితో తడిమి చూసింది. "మరి సొరంగం సంగతి రాసిన్రా? ఈడికెల్లి వెయ్యిస్తంభాల గుడిదాంక సొరంగం ఉన్నదంటరు. మా అత్త జెప్తుండె." రాయలేదు అవ్వా అన్నాను. "గదే మరి" అని నవ్వి వెళ్ళిపోయింది. ఆమె అడిగింది చిన్న సంగతేమీ కాదు. సుల్తానులు, రాయలు, సేనాపతులు గతాన్ని ఎలా గుర్తుపెట్టుకున్నారో ఈ పుస్తకం అద్భుతంగా చెబుతుంది. తరతరాలుగా కోటలోపలే దున్నుకుని బతికినవాళ్ళు ఏం గుర్తుపెట్టుకున్నారో చెప్పదు. ఆ అత్తల, అవ్వల కథలు రాసుకోవడానికి తెలుగు వచ్చిన పరిశోధకులు త్వరగా రావాలి.

దగ్గరలోనే ఖుష్ మహల్. పొడవాటి హాలు, కిందికి వచ్చేకొద్దీ లావెక్కే ఏటవాలు గోడలు, లోపల వరసగా కమాన్లు. ఇది షితాబ్ ఖాన్ కట్టించాడని చాలాకాలం నుంచి చెబుతూ వస్తున్నారు. గోడల వాలు చూసి ఇది తుగ్లకుల దర్బారు హాలు అని వాగనర్ వాదిస్తాడు. ఢిల్లీలో తుగ్లకాబాద్ కోట, ఘియాసుద్దీన్ సమాధి చూసినవాళ్ళెవరైనా ఈ గోడను చూడగానే ఔనంటారు. నేనూ అన్నాను.

షితాబ్ ఖాన్ కథ ఇంకా విచిత్రం. అసలు పేరు సీతాపతి. బహమనీల కొలువులో పెరిగి, పారసీ బిరుదు తెచ్చుకుని, 16వ శతాబ్దం మొదట్లో ఓరుగల్లు పట్టాడు. 1504 నాటి సంస్కృత శాసనంలో, తురకలు తీసేసిన కాకతీయ రాజ్యలక్ష్మినీ పాంచాలరాయ కృష్ణుణ్ణీ మళ్ళీ నిలబెట్టానని చెప్పుకున్నాడు. పేరు ఖాను, చేసిన పని దేవతా ప్రతిష్ఠ. ఈ కోటను ఇది మావాళ్ళు కట్టింది, అది వాళ్ళు కూల్చింది అని రెండుగా చీల్చి చెప్పే ఎవరికైనా షితాబ్ ఖాన్ దగ్గర నోట మాట రాదు. కల్యాణిలో ఇలాంటిదే ఇంకో శాసనం ఉంది. 1326లో, అంటే ఓరుగల్లు గుడి కూలిన మూడేళ్ళకే, అదే తుగ్లకుల అధికారి అక్కడ శివాలయాన్ని బాగుచేసి పూజలు సాగించుకోవడానికి అనుమతిచ్చాడు. శత్రురాజు రాజ్యదేవత గుడి వేరు, తమ ఏలుబడిలోకి వచ్చిన ప్రజల గుడి వేరు అన్నది ఈటన్ చాలాకాలంగా చెబుతున్న మాట. ఇందులో కూల్చివేతను దాచిపెట్టడం లేదు. ఎప్పుడు, ఎందుకు అన్న ప్రశ్న వెయ్యడం ఉంది. ఆ ప్రశ్న మనం తెలుగులో ధైర్యంగా వేసుకోవాలని నా కోరిక.

రాయచూరుకు తర్వాత వెళ్ళాను, మహబూబ్‌నగర్, మక్తల్ మీదుగా బస్సులో. కృష్ణ దాటితే కర్ణాటక, అయినా రాయచూరు బజారులో సగం బేరాలు తెలుగులోనే. ఈ కోట కోసం విజయనగరానికీ బహమనీలకూ, ఆ తర్వాత బిజాపూరుకూ మధ్య జరిగిన యుద్ధాలకు అంతులేదు. 1520లో కృష్ణదేవరాయలు దీన్ని గెలవడం మనకు పండగ. ఈటన్ ఆ గెలుపునే చేదుగా చదువుతాడు. బిజాపూరు ఫిరంగులు ఒక దెబ్బ పేల్చి మళ్ళీ నింపుకునేలోపు రాయల దండు కూడదీసుకుని మీదపడింది. దాంతో మందుగుండు పెద్ద లెక్కలోది కాదని విజయనగరం అనుకుంది, ఓడిన బిజాపూరు మాత్రం ఫిరంగులను బాగుచేసుకుంది. 1565లో విజయనగరం ఓడిపోయేదాకా ఆ దారి పోయిందంటాడు. బాలాహిస్సార్ గుట్ట ఎక్కి కింద మైదానం చూస్తున్నప్పుడు ఈ వాదన మింగుడుపడక చాలాసేపు బాధపెట్టింది. ఆ రోజు ఆనందాన్ని వదులుకోవడం ఏ తెలుగువాడికీ తేలిక కాదు.

నేను వెళ్ళింది మాత్రం అంతకంటే పాత రాయి కోసం. కోట గోడలో 41 అడుగులు దాటిన ఒకే బండ, దాని మీద 1294 నాటి తెలుగు శాసనం. గోన గన్నయ రెడ్డి సేనాని విఠలనాథుడు ఆదోని, తుంబళం వగైరా కోటలు పట్టుకుని, రాయచూరు చేరి ఈ కోట కట్టించానని చెబుతాడు. అడివి బాపిరాజు నవలతో మన ఇళ్ళల్లోకి వచ్చిన గోన గన్నారెడ్డి ఇతడే. దగ్గరే ఆ బండను మోసుకొచ్చిన తీరు గీసి ఉంది. గట్టి చక్రాల బండి, దాని మీద బండ, ముందు బారుగా పశువులు, వాటిని అదిలించే మనుషులు, వెనక నుంచి చక్రాలకు గడ్డపారలు వేసి నెట్టేవాళ్ళు. ఓరుగల్లు అవ్వలాంటి మామూలు మనుషులు ఇక్కడ ఉన్నారు, పేర్లు లేకపోయినా.

బస్టాండు వైపు నుంచి వచ్చిన ఇద్దరు కుర్రాళ్ళు నేనేం చూస్తున్నానో అడిగారు. బొమ్మ చూపించాను. అవి దున్నలని పుస్తకాల్లో రాశారన్నాను. ఒకడు ఒప్పుకోలేదు. "కాదక్కా, ఎద్దులే. మూపురం చూడు." రెండోవాడు కొమ్ములు చూపించి దున్నలే అన్నాడు. గీతలు అరిగిపోయాయి, నాకూ తేలలేదు. ముగ్గురం ఒక చివర నుంచి ఒక్కో జంతువునూ చూసుకుంటూ వచ్చాం. వాదన తేలకముందే వాళ్ళ బస్సు వచ్చింది.