మూసీ పుట్టిన అడవిలో నడక

పిల్లలూ! మీలో హైదరాబాదులో ఉండేవాళ్ళు మూసీ నదిని వంతెన మీది నుంచి చూసే ఉంటారు. చూసి ముక్కు మూసుకునే ఉంటారు. అదే మూసీ నీటిని జానెడు వెడల్పున, అడుగున గులకరాళ్ళు లెక్కపెట్టగలిగేటంత తేటగా ఎప్పుడైనా చూశారా? మా చిన్న మనవడు చూశాడు. వాడికి అయిదేళ్ళు. వాడు ఆగి చూడబట్టే నేనూ చూశాను గాని, లేకపోతే ఒక్క అంగలో దాటి వెళ్ళిపోయేవాణ్ణి.

హైదరాబాదుకు పడమరగా సుమారు 75 కిలోమీటర్ల దూరంలో వికారాబాదు ఉంది. రైలుంది, బస్సులున్నాయి. ఊళ్ళో నుంచి ఆటోలో అయిదారు కిలోమీటర్లు వెళితే అనంతగిరి. కొండ అనగానే తిరుమల వంటిదో, శ్రీశైలం వంటిదో అనుకోకండి. ఇక్కడి కొండలు నిటారుగా లేవవు. పడుకున్న ఏనుగుల వీపుల్లాగా గుండ్రంగా, ఒకదాని వెనుక ఒకటి, ఒళ్ళంతా అడవి కప్పుకుని ఉంటాయి. ఎక్కుతున్నామని తెలియకుండానే ఎక్కుతాము. పసిపిల్లలనూ, మోకాళ్ళ నొప్పుల పెద్దలనూ వెంటబెట్టుకుని నడవటానికి ఇటువంటి చోటే కావాలి.

మొన్న కార్తీకంలో మేము ఆరుగురం వెళ్ళాము. నేను, నా భార్య, కొడుకు, కోడలు, పదేళ్ళ మనవరాలు, అయిదేళ్ళ మనవడు. మనిషికొక లీటరు నీళ్ళు, జొన్నరొట్టెలు, పల్లీల పచ్చడి, అరటిపళ్ళు తీసుకున్నాము. అందరికీ కాళ్ళు కప్పే బూట్లు. చెప్పులతో ఎందుకు వద్దన్నానో ముందుకు వెళితే మీకే తెలుస్తుంది.

కొండ మీద అనంత పద్మనాభస్వామి ఆలయం ఉంది. ముచికుందుడనే రాజు దేవతల పక్షాన యుద్ధం చేసి అలసిపోయి, హాయిగా నిద్రపోయే వరం కోరుకుని, ఇక్కడి గుహలో పడుకున్నాడని స్థలపురాణం. నిద్ర చెడగొట్టిన కాలయవనుడు ఆయన చూపు సోకి బూడిదయ్యాడట. తరువాత కృష్ణుడు కనిపిస్తే ముచికుందుడు ఆయన పాదాలు కడిగాడట. ఆ నీరే ముచికుందా నది అయి పారిందనీ, ముచికుందాయే మూసీ అయిందనీ చెబుతారు. కథ అంతా విని మా మనవడు, "అంతసేపు పడుకుంటే బడికి ఆలస్యం కాదా, తాతా?" అని అడిగాడు. హెడ్మాస్టరు మనవడు మరి!

గుడి దగ్గర కోతులు జాస్తి. చేతిలో తినేది కనబడితే ఊరుకోవు. మా కోడలు రొట్టెల డబ్బాను సంచీ అడుగుకు తోసేసింది. అక్కడి నుంచి కాలిబాట పట్టుకుని అడవిలోకి దిగాము.

బయలుదేరే ముందు నేనొక నియమం పెట్టాను. అందరికంటె చిన్నవాడు ముందు నడవాలి, అందరికంటె చివర నేను. ఎవరూ చిన్నవాణ్ణి దాటకూడదు. మా అబ్బాయి నవ్వాడు. "నాన్నా, ఇట్లా అయితే వాగు చేరేసరికి మధ్యాహ్నమవుతుంది."

"కానీ" అన్నాను.

కొండనడకకు లెక్క ఒకటుంది. నైస్మిత్ అనే స్కాట్లండు ఆయన 1892లో చెప్పాడు. ప్రతి 5 కిలోమీటర్లకూ ఒక గంట, ఎక్కే ప్రతి 600 మీటర్లకూ మరొక గంట వేసుకోవాలన్నాడు. చాలామంచి లెక్క. ఉద్యోగంలో చేరిన కొత్తల్లో నేను దానిని గట్టిగా నమ్మాను. అందులో అయిదేళ్ళవాడూ, కాలు నొప్పి పుట్టినవాడూ లేరన్న సంగతి నాకప్పుడు తట్టలేదు.

1993లో ఒక బడిలో ఆరో తరగతి పిల్లలను ఇదే కొండకు తీసుకువచ్చాను. 40 మంది. నా మెడలో ఈల, చేతిలో గడియారం. "ఎవరూ వెనకబడకూడదు. వెనకబడితే ఊరుకోను!" అని ముందే గద్దించాను. నేను ముందు, పిల్లలు వెనుక. సైనికుల్లాగా నడిచారని నాలో నేనే మురిసిపోయాను. బస్సు దగ్గర తలలు లెక్కపెడితే 39 వచ్చాయి. మళ్ళీ లెక్కపెట్టాను. 39.

వెనక్కు పరుగెత్తాను. ఒక్కొక్క మలుపూ తిరుగుతుంటే గుండె ఎట్లా కొట్టుకున్నదో చెప్పలేను. ముప్పావు గంట తరువాత వాగు పక్కన ఒక చెట్టు కింద కనిపించాడు. తరగతిలో అందరికంటె పొట్టివాడు. చెప్పు వారు తెగిపోయింది. రాళ్ళ మీద నడవలేక కూర్చుండిపోయాడు. అప్పుడు వాడేమీ ఏడవటం లేదు. తల పైకెత్తి కొమ్మ మీద ఎర్రచీమలు గూడు కట్టటం చూస్తున్నాడు. నన్ను చూశాడు. చూడగానే ఏడుపు మొదలుపెట్టాడు.

"పిలవలేదేమిరా?" అన్నాను.

"కొడతారని, సార్" అన్నాడు.

అడవిలో ఒంటరిగా ఉన్నందుకు కాక, నేను వచ్చినందుకు వాడు భయపడ్డాడు. వాణ్ణి వీపు మీద ఎక్కించుకుని నడుస్తుంటే దారి పొడుగునా చీమల సంగతే చెప్పాడు. పెద్దచీమలు తమ పిల్లలను నోటితో పట్టుకుని ఆకుల అంచుల మీద అటూ ఇటూ ఆడిస్తున్నాయట. వాడు సరిగ్గానే చూశాడు. ఆ జాతి చీమల్లో లార్వా నోటి నుంచి పట్టుదారం వస్తుంది. పెద్దచీమలు వాటినే దర్జీ కండెల్లాగా వాడుకుని ఆకులు కుడతాయి. నాతో వేగంగా నడిచిన 39 మందిలో ఒక్కరు కూడా ఆ గూడు చూడలేదు. నేనూ చూడలేదు. ఆ మర్నాడు ఈలను బీరువాలో పెట్టేశాను.

సరే, మొన్నటి నడకకు వస్తాను. మనవడు ముందున్నాడు గనుక అరకిలోమీటరుకు గంట పట్టింది. టేకు లేతాకు ఒకటి నలిపి చూపించాను. అరచెయ్యి ఎర్రబడింది. ఇక ఆకు కోసం అక్కాతమ్ముళ్ళకు పోట్లాట. బీడీలు చుట్టే తునికి ఆకు, విస్తళ్ళు కుట్టే మోదుగ ఆకు మనవరాలు తన నోటుపుస్తకంలో పెట్టుకుంది. రాలిన ఆకుల కుప్పల్లో చేతులు పెట్టవద్దని మాత్రం గట్టిగా చెప్పాను. తేళ్ళుంటాయి, పాములుంటాయి.

బాట పక్కన ఎర్రటి రాయి కనిపించింది. నిండా రంధ్రాలు, పాతబడిన తేనెపట్టులాగా. దీని పేరు లాటరైట్. ఇటుక అనే అర్థం గల లాటిన్ మాట నుంచి ఫ్రాన్సిస్ బుకానన్ అనే వైద్యుడు ఈ పేరు పెట్టాడు. కేరళలో ఈ రాతిని ఇటుకల్లాగా కోసి ఇళ్ళు కట్టటం చూసి, 1807లో అచ్చయిన తన పుస్తకంలో ఆ సంగతి రాశాడు. సుమారు 6 కోట్ల 60 లక్షల సంవత్సరాల క్రితం లావా పొరలు పొరలుగా పారి, దక్కనులో చాలాభాగాన్ని కప్పి, చల్లారి నల్లరాయి అయింది. తరువాత యుగయుగాల వానలు ఆ రాతిలో కరిగేవాటిని కడిగి పట్టుకుపోగా ఇనుము మిగిలి తుప్పు పట్టింది. అదే ఈ ఎరుపు.

"రాయికి రంధ్రాలుంటే ఏమవుతుంది?" అని మనవరాలు అడిగింది.

నా సీసాలో నీళ్ళు కొన్ని కాలిబాట మీద పోశాను. నీళ్ళు ఎర్రబడి, మట్టిని మోసుకుని పల్లానికి ఉరికాయి. మిగిలినవి చెట్టు కింద ఆకుల మీద పోశాను. చప్పుడు లేకుండా ఇంకిపోయాయి. మీరూ ఇంటి దగ్గర చేసి చూడవచ్చు. గట్టి నేల ఒకటి, చెట్టు కింది మెత్తని నేల ఒకటి ఉంటే చాలు. అడవిలో కురిసిన వాన ఆకుల మీద ఆగి, మట్టిలో ఇంకి, ఈ రంధ్రాల రాతిలోకి దిగుతుంది. అడుగున నీరు పట్టని పొర తగిలితే పక్కకు తిరిగి, లోయ అంచున ఊటగా బయటికి వస్తుంది. వానలు వెనకబట్టినా వాగులో నీరుండటానికి ఇదే కారణం.

ఆ వాగు దగ్గరే మా మనవడు ఆగిపోయాడు. "తాతా, నీళ్ళు నడుస్తున్నాయి!" అన్నాడు. జానెడు వెడల్పు. చేత్తో అడ్డం పెడితే ఆగేటంత. ఇటువంటి చిన్న చిన్న వాగులన్నీ కలిసి మూసీ అయి, హైదరాబాదు మీదుగా సుమారు 240 కిలోమీటర్లు పారి, వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది.

ఇంత చిన్నదా అనుకోకండి. 1908 సెప్టెంబరు 28న ఈ నదికే వరద వచ్చింది. ఎగువన చెరువులు తెగి, హైదరాబాదులో వేలమంది చనిపోయారు. ఒక చింతచెట్టు ఎక్కి సుమారు 150 మంది బతికారని చెబుతారు. ఆ చెట్టు ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉంది. మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి సలహా మీద వరదను ఆపటానికీ, తాగునీటికీ మూసీ మీద గండిపేట చెరువు, అంటే ఉస్మాన్ సాగర్, 1920లో కట్టారు. ఈసీ నది మీద హిమాయత్ సాగర్ 1927లో వచ్చింది.

రొట్టెలు తింటూ మనవరాలు అడిగింది: "మరి మన దగ్గర మూసీ ఎందుకు కంపు కొడుతుంది?"

మా అబ్బాయి నా వంక చూశాడు. నేను వాడి వంక చూశాను. ఊళ్ళో ఇళ్ళ మురుగూ, కార్ఖానాల నీరూ దానిలోకే పోతున్నాయని చెప్పాను. "మన ఇంటిది కూడానా?" అన్నది. ఏమో, కనుక్కోవాలన్నాడు మా అబ్బాయి. కనుక్కున్నాడో లేదో వచ్చే ఆదివారం అడుగుతాను.

ఈలోగా మనవడు రాలిన మోదుగ ఆకుతో పడవ చేసి వాగులో వదిలాడు. రెండు రాళ్ళు దాటి వేరుకు తట్టుకుంది. పుల్లతో నెట్టాడు. కదిలింది.

"ఎప్పుడు మన ఇంటికి వస్తుంది, తాతా?"

"రాదురా. గండిపేట గట్టు దగ్గర ఆగిపోతుంది."

కాసేపు ఆలోచించాడు. "అయితే గండిపేట పోదాం" అన్నాడు. వచ్చే నెలలో తీసుకువెళతానని మాట ఇచ్చాను. అక్కడా వాడే ముందు నడుస్తాడట.