లింగో పాటను మోసినవారు

పూర్వుల గ్రంథమేదైన ఇంగ్లీషులో మన చేతికి వచ్చినప్పుడు అనువాదకుని పేరు చూచి పుట త్రిప్పుదుము. అతడు ఏమి చదివినవాడు, ఏ ఉద్యోగములో బ్రదికినవాడు, ఎవరి కొరకు వ్రాసెను అని అడుగుట అరుదు. అడుగుట ఎంత అవసరమో మన ప్రాంతపు పాట ఒకటి నాకు నేర్పినది.

గోదావరి దాటి ఉట్నూరు, జైనూరు కొండలకు పోయినవారు లింగో పేరు వినియుందురు. గుహలో మూయబడిన తమ వారిని విడిపించి, తమకు గోత్రములను, పూజావిధులను ఏర్పరచినవాడని గోండులు అతనిని తలంతురు. ఆ గాథను ప్రధానులు కిక్రి వాయించుచు గోండిలో పాడుదురు. అయితే ఆ ప్రధానులు ఇంటిలో మాటలాడునది మరాఠీ. పాటను తరతరములు మోసినవారే రెండు భాషల మనుష్యులు.

దానిని ఇంగ్లీషులోనికి తెచ్చినవారిలో మొదటివాడు స్టీఫెన్ హిస్లాప్, 1845లో నాగపూరు చేరిన స్కాట్లండు మిషనరీ. ఆయన బోధకుడే గాక రాళ్లలోని ప్రాచీన జీవుల గుర్తులను ఏరి భద్రపరచిన శాస్త్రజ్ఞుడు కూడ. ఒక ప్రధాను నోట విన్న పాటను గోండి మాటలతో సహా వ్రాసి ఉంచెను. 1863లో ఆయన నీట మునిగి చనిపోగా, ఆ కాగితములను రిచర్డు టెంపుల్ 1866లో అచ్చువేయించెను. దొరికిన రాతిని దొరికినట్లే ఉంచు అలవాటు ఆ పుటలలో కనబడును.

రెండవవాడు కెప్టెన్ ఫోర్సైత్, సైనికుడు, అడవుల అధికారి, వేటగాడు. 1871లో వెలువడిన తన పుస్తకములో హిస్లాప్ వ్రాసినదానిని తీసికొని ఇంగ్లీషు పద్యముగా మార్చెను. ఆ పద్యపు నడక అమెరికా కవి లాంగ్‌ఫెలో 1855లో అచ్చయిన హయవాతా కావ్యమునకు వాడినది. లాంగ్‌ఫెలో దానిని ఫిన్లండు కావ్యము నుండి తెచ్చుకొనెను. ఆ పద్యము చదివిన లండను పాఠకునికి మన కొండల గోండు అమెరికా అడవుల మనిషివలె వినబడెను. లింగోకు ఫోర్సైత్ ఇచ్చిన బిరుదు 'సెయింట్', అనగా పరిశుద్ధుడు.

మూడవవాడు హైమెన్‌డార్ఫ్, వియన్నాలో మానవశాస్త్రము చదివినవాడు. 1939లో యుద్ధము రాగా, జర్మను పాస్‌పోర్టు కలవాడగుటచే హైదరాబాదు రాజ్యములోనే ఉండవలసి వచ్చెను. తరువాత మార్లవాయిలో గోండుల నడుమ కాపురముండి, 1948లో ఆదిలాబాదు రాజ్‌గోండులను గూర్చి గ్రంథము ప్రకటించెను. ఏ గాథ ఏ పూజకు చెందినది, ఏ వంశమువారు ఎవరికి అన్నదమ్ములు అనునవి ఆయన పుటలలో ముందు నిలుచును. లింగో అక్కడ పరిశుద్ధుడు కాడు. ఒక జాతికి ఆచారమును నేర్పిన వీరుడు.

ముగ్గురిలో ఎవరును మోసము చేయలేదు. ఒక్కొక్కడు తన చదువు, తన పని నేర్పిన కన్నులతో చూచెను.

ఇది పండితుల సంగతి, మనకేల అందురేమో. కరీంనగరు నుండి ఆ కొండలకు పోవు మన యౌవన సేవకులు ఇటువంటి ఇంగ్లీషు పుటలు రెండు చదివి, గోండుల నమ్మకము తెలిసినదని బయలుదేరుదురు. ఒక గూడెములో నేను ఇంగ్లీషు పుస్తకమందలి కథను తెలుగులో చెప్పగా, ఒక పెద్దాయన అంతయు విని, “అయ్యగారూ, ఆ రాసినాయన పాట తెల్లారేదాక విన్నడా?” అని అడిగెను. హిస్లాప్ విన్నాడు, ఫోర్సైత్ వ్రాతలో చూచినాడు. ఆయన అడిగినది ఆ భేదమే. ఇక నేను లింగోను తెలుగులో గురువందునా, దేవుడందునా, వీరుడందునా? ఏ మాట ఎంచుకొన్నను వినువాని హృదయములో ఒక తలుపు తెరచుకొనును, మరియొకటి మూసికొనును. అన్యుల దేవుడని ఒక్క మాటతో త్రోసివేసిన బోధకుని మాట ఆ ఊరిలో మరల ఎవరు విందురు?

మన చేతిలోని గ్రంథమును అనువాదమే. 1830వ దశకములో కలకత్తాలో బాప్టిస్టు మిషనరీలు బెంగాలీ నూతన నిబంధనలో బాప్తిస్మమునకు ముంచుట అను అర్థమిచ్చు మాట వేయగా, బైబిలు సంఘము సొమ్మిచ్చుటకు ఒప్పుకొనలేదు. 1836లో అమెరికాలో బాప్టిస్టులు వేరుగా బైబిలు సంఘము పెట్టుకొనిరి. మన తెలుగు బైబిలులో బాప్తిస్మము అను మాట గ్రీకు మాటగానే నిలిచియున్నది. దానికి మనము చెప్పుకొను అర్థము మనము పెరిగిన సంఘమును బట్టి ఉండును.

కాబట్టి, ప్రియులారా, అనువాదము చదువునప్పుడు ముందుమాటను దాటవేయకుడి. వీలైనచో రెండు అనువాదములు ప్రక్కప్రక్కన పెట్టి, అవి ఎక్కడ విడిపోవునో చూడుడి. ఉట్నూరు వైపు పోవు తమ్ములారా, పుస్తకము చదివియే పొండు. అయితే ఒక రాత్రి కిక్రి పాట చివరిదాక కూర్చుండి వినుడి. అర్థము కానిచోట ప్రక్కనున్న పెద్దను అడుగుడి. మన మాట వారికి చెప్పు దినము అటుతరువాత రానిండు.