పాత పడవ బేరము

పశువుల సంతకు మీరెప్పుడైనను వెళ్లియుందురు. కొనువాడు ఎద్దు చుట్టు తిరుగును, నోరు తెరిపించి పండ్లు చూచును, కుంటునేమోయని నడిపించును, ఎంత మంచి ఎద్దైనను పెదవి విరుచును. తువాలు క్రింద వ్రేళ్లు పట్టి దళారి ధర తేల్చును. సంత దాటిన పిమ్మట ఆ పెదవి విరిచినవాడే దారిలో కనబడిన వారికెల్ల తానెంత చౌకగా కొట్టుకొచ్చెనో చెప్పుకొనును. సామెతల గ్రంథము 20:14 చదివి చూడుడి. ఈ మనుష్యుడే అక్కడ నిలువబడియున్నాడు.

ఈ మనుష్యుని నేను అమెరికాలోను చూచితిని. మా కుటుంబము కాపురముండు మినెసోటా రాష్ట్రములో వేలకొలది సరస్సులు గలవు. "పదివేల సరస్సులు" అని మోటారు బండ్ల నెంబరు పలకలమీదనే వ్రాసియుందురు. మన కోనసీమలో సైకిలు ఎట్లో, అక్కడ పడవ అట్లు. వాలై అను చేపను 1965లో ఆ రాష్ట్రపు చేపగా నిర్ణయించిరి. తండ్రియు పిల్లలును గాలము వేసికొని ఆ చేపకొరకు గంటలకొలది మౌనముగా కూర్చుందురు. మధ్యాహ్నమైన పిమ్మట అదే పడవకు త్రాడు కట్టి, కాళ్లకు పొడుగు చెక్కలు తొడుగుకొని, త్రాడు చివర పిడి పట్టుకొని నీటిమీద జారుదురు. ఈ ఆట పుట్టినదియు అక్కడనే. 1922 జూలైలో లేక్ సిటీ అను ఊరి ప్రక్క పెపిన్ సరస్సుమీద రాల్ఫ్ శామ్యూల్‌సన్ అను యువకుడు, అన్న పడవ నడుపుచుండగా, తాను చేసికొన్న ఎనిమిది అడుగుల చెక్కలమీద నిలిచెను. మొదట పీపా చెక్కలతోను, మంచుమీద జారు చెక్కలతోను ప్రయత్నించి మునిగెనట. పేతురు చెక్కలేమియు లేకుండనే కొద్ది అడుగులు నడిచెను గాని, అది వేరు సంగతి.

క్రొత్త పడవ ధర మావంటి ఉద్యోగస్థులకు అందదు. కావున పాతదే కొనవలెను. పాత పడవను చూచుట ఎట్లో తెలిసికొనుటకు నాకు ఒక శీతకాలమంతయు పట్టినది. ఎండలో తళతళలాడు రంగును చూచి మోసపోరాదు. ఫైబర్‌గ్లాసు పడవలలో పాతవాటికి, ఇంజను బిగించు వెనుక గోడలోను, నేల క్రిందను లోపల చెక్క ఉండును. మరల రంధ్రములగుండ నీరు దిగి, ఆ చెక్క ఏండ్ల తరబడి లోలోపల కుళ్లును. పైన మాత్రము నున్నగానే యుండును. చిన్న సుత్తితో తట్టి చూడవలెను. మంచి చెక్క ఖణీమని పలుకును, కుళ్లినది దబ్బుమని మ్రోగును. ఇంజనును పైకెత్తి దాని క్రింది భాగమును చేతితో అదిమిన వెనుక గోడ కదలరాదు. క్రింది గేరు డబ్బాలోని నూనె పాలు పోసిన కాఫీవలె నున్నయెడల నీరు చేరినదని అర్థము. అక్కడి చలికి ఆ నీరు గడ్డకట్టి డబ్బాను పగులగొట్టును. ఎంతమంది ఎక్కవచ్చునో, ఎంత బరువు మోయునో తెలుపు చిన్న పలక చిన్న పడవలకు అతికియుండును. దానిని చదువక ఇంటిల్లిపాదియు ఎక్కుట ప్రమాదము. సున్నము కొట్టిన సమాధులను గూర్చి మన ప్రభువు చెప్పిన మాట నాకు సుత్తి పట్టుకొన్న ప్రతిసారి జ్ఞాపకము వచ్చెడిది.

అయిదారు పడవలు చూచిన తరువాత ఒక వృద్ధుని యింటికి వెళ్లితిమి. ఆయన భార్య చనిపోయినది. ఇల్లు అమ్మి, కుమార్తెయొద్దకు వెళ్లిపోవుచుండెను. పదునేడు అడుగుల పడవ. తొంబది గుర్రపు శక్తి ఇంజను. నాలుగువేల అయిదువందల డాలర్లు అడిగెను. నేను సంచిలోనుండి సుత్తి తీయకముందే ఆయన తన సుత్తి తెచ్చి మా పండ్రెండేండ్ల కుమారుని చేతికిచ్చి, "ఎడమ మూలను ఇక్కడ తట్టు" అనెను. దబ్బుమన్నది. "ఇది నేను బాగుచేయలేకపోతిని. అందుకు అయిదువందలు తగ్గించుకొనుడి" అని, ఇంకను ఏయే లోపములున్నవో వ్రాసిన కాగితము జేబులోనుండి తీసి ఇచ్చెను. ఆయన చూపనియెడల ఆ మూలను మేము తట్టియుందుమో లేదో.

మాతోకూడ వచ్చిన స్నేహితుడు మంచివాడే, మందిరములో నా ప్రక్కనే కూర్చుండువాడు. ఆయన నవ్వుచునే మెల్లగా తెలుగులో, "అన్నా, ముసలాయనకు తొందరగా ఉన్నది. మూడువేలను, దిగుతాడు" అనెను. నేను బదులు చెప్పకముందే మా వాడు తలయెత్తి, "నాన్నగారూ, ఆయనకు తెలుగు రాదని అట్లా అన్నారా?" అని అడిగెను.

చదువరీ, బేరమాడుట పాపమని నేను చెప్పుటలేదు. చేపలమ్ముకొను మన అక్కచెల్లెండ్రు బేరము లేనిదే బ్రతుకజాలరు. అయినను ఎదుటివాడు తన లోపమును తానే చూపిన పిమ్మట, ఆయన దుఃఖమును తరుగుగా లెక్కకట్టుట సంతలో కూడ కానని క్రొత్త వింత. నాలుగువేలు లెక్కపెట్టి ఇచ్చితిమి. నా స్నేహితుడు తిరుగు దారిలో చాలసేపు మాటలాడలేదు. పిమ్మట ఆ వెనుక గోడ బాగుచేయుటకు రెండు శనివారములు వచ్చి నాతో కూడ రంపము పట్టినవాడు ఆయనే.

బాగుచేయుచుండగా నేను తరచుగా తలంచుకొన్న పడవ ఇంకొకటి గలదు. 1986లో, అనావృష్టివలన గలిలయ సముద్రపు నీరు వెనుకకు పోగా, గినోసారులో చేపలుపట్టు అన్నదమ్ములిద్దరు బురదలో పాత పడవ ఆనవాలు చూచిరి. అది సుమారు ఇరువదియేడు అడుగుల పొడవు, ఏడున్నర అడుగుల వెడల్పు గలది. రెండువేల ఏండ్ల నాటిది. ప్రభువు ఎక్కినది ఇదేయని చెప్పుటకు ఆధారము లేదు. అయితే దాని చెక్కలు చూడుడి: దేవదారు పలకలు, సింధూర వృక్షపు వాసములు, వాటి నడుమ అతుకులుగా సుమారు పది పండ్రెండు రకముల చెట్ల ముక్కలు. కొన్ని వేరొక పడవనుండి ఊడదీసి తెచ్చినవి. ఇక అతుకుటకు వీలులేనప్పుడు, పనికివచ్చు భాగములు తీసికొని మిగిలినదానిని నీటిలో విడిచిరి. సీమోను దోనె కూడ ఇట్టి అతుకుల దోనెయే అయియుండునని నాకు తోచుచున్నది. ప్రభువు దానిలో కూర్చుండి బోధించుటకు ముందు దాని లోపములను అడుగలేదు.

ఇంకొక సంగతి. పడవ ధర చెక్కుమీద వ్రాసినంతతో తీరదు. ఆ దేశమున నీరు కరగియుండునది ఏడు నెలలు మాత్రమే, వేడిగానుండునది మరి తక్కువ. మంచి ఎండగల ఆదివారపు ఉదయము పడవ వాకిట నుండగా పిల్లలను మందిరమునకు లేవదీయుట ఎట్లుండునో తల్లులను అడుగుడి. నా భార్య చెక్కుమీద నేను సంతకము చేయకముందే, "ఆరాధన ముగియువరకు దాని తాళము నా సంచిలో ఉండును" అని చెప్పినది. నేటికిని అక్కడనే యున్నది. పిల్లలు సణుగుదురు. నేనును లోలోపల సణుగుదును.

ఆ వృద్ధుడు ఇచ్చిన కాగితమును మా కుమారుడు పారవేయనీయలేదు. పడవ పత్రములతోపాటు ప్లాస్టికు సంచిలో పెట్టి, వెనుక గోడ మార్చిన తేదీని దాని క్రింద వ్రాసినాడు. పోయిన వేసవిలో కుడివైపు ఒక చిన్న పగులు కనబడగా దానినికూడ చేర్చినాడు. క్రింద ఇంక నాలుగైదు వరుసలకు చోటున్నది.