రాయచోటిలో బావుల పుస్తకం

కడప నుంచి రాయచోటికి సుమారు 50 కిలోమీటర్లు. బస్సు ఊరు దాటి కొంతదూరం చదునుగా పోయి, తరవాత పాలకొండలు ఎక్కుతుంది. ఆ కనుమలోనే గువ్వలచెరువు ఉన్నది. గువ్వలచెరువు పాలకోవా పేరు విననివారు మా వైపు ఉండరు. బస్సు ఆగీ ఆగకముందే కిటికీల దగ్గర పొట్లాలు కనబడతాయి. నేను రెండు పొట్లాలు కొన్నాను. ఒకటి దారిలోనే అయిపోయింది. రెండవది ఏమైనదీ తరవాత చెబుతాను.

కనుమ దాటితే ఎర్రనేలలు, బండరాళ్ల గుట్టలు, వేరుశనగ చేలు, మామిడి తోటలు. ఇది వానలు తక్కువైన సీమ. అందుచేత ఇక్కడ ఇద్దరు మనుషులు కలుసుకుంటే, మంచిచెడ్డలు అడిగిన వెంటనే నీళ్ల సంగతి అడుగుతారు.

రాయచోటిని పూర్వం రాచవీడు అనేవారని పెద్దలు చెబుతారు. మాండవ్య నది ఒడ్డున వీరభద్రస్వామి గుడి ఉన్నది. నేను పోయిననాడు నదిలో నీళ్లకంటె ఇసుకే ఎక్కువ కనబడింది. 2022 ఏప్రిల్ 4న అన్నమయ్య జిల్లా ఏర్పడినప్పుడు ఈ ఊరినే ముఖ్యపట్టణం చేశారు. ఈ ప్రాంతంలో ఇంకొక విశేషం ఉన్నది. ఇక్కడి పల్లెలలో చాలా ఇళ్లనుంచి ఎవరో ఒకరు కువైటులో పని చేస్తూ ఉంటారు. ఈ సంగతి గుర్తుంచుకోండి, మళ్లీ అవసరం వస్తుంది.

ఇక నేను వచ్చిన పని. 2002లో దేశమంతటా వానలు తప్పాయి. అప్పుడు నేను రాయచోటికి దగ్గరలో ఒక పల్లె బడిలో పని చేసేవాణ్ణి. మరుసటి ఏడు మా పిల్లలు ఇంటింటికీ తిరిగి, ఆ చుట్టుపక్కల ఉన్న పాత బావులన్నిటి వివరాలూ ముసలివాళ్లను అడిగి రాసుకున్నారు. ఏ బావి ఎవరు తవ్వించారు, ఎన్ని నిలువుల లోతు, కపిల ఎప్పుడు ఆగిపోయింది, ఏ కరువులో కూడా ఎండని బావి ఏది - ఇవన్నీ. మొత్తం 41 బావులు. వాటిని రాయచోటిలో ఒక కంప్యూటరు కొట్టులో కూర్చుని, నేనే ఒక్కొక్క మీటా వెతుక్కుంటూ తెలుగులో కొట్టాను. ఒక అచ్చు ప్రతి తీయించి, ఒక సిడి మీద కూడా ఎక్కించాను. అచ్చుప్రతికి చెదలు పట్టి రెండు కాగితాలు మాత్రం మిగిలాయి. "పోనీలే, సిడి ఉన్నదిగా!" అని ధైర్యంగా ఉన్నాను.

ఆనాడు బావుల వెంట తిరిగిన పిల్లలలో ఒకడు ఇప్పుడు రాయచోటిలో ఉపాధ్యాయుడు. అతనే నన్ను పిలిపించాడు.

"రాండి సార్, బాగుండారా? సిడి తెచ్చినారా?" అన్నాడు. "మా జేజినాయన చెప్పిన మాటలు అందులోనే ఉండాయి. ఆయన పోయి పదేండ్లయింది."

మొదటి చిక్కు అక్కడే వచ్చింది. ఇప్పటి ల్యాప్‌టాపుకు సిడి పెట్టే నోరే లేదు! పక్క గదిలో మూలబడి ఉన్న పాత కంప్యూటరును దుమ్ము దులిపి నడిపించాము. సిడి తిరిగింది, ఫైలు తెరుచుకున్నది. కాని అందులో ఒక్క తెలుగు అక్షరం లేదు. ఇంగ్లీషు అక్షరాలు, వాటి నెత్తిన చుక్కలూ తోకలూ, రూపాయికీ పైసకూ పనికిరాని గుర్తులూ పేజీలకొద్దీ ఉన్నాయి. మా పాత శిష్యుడి మొహం చిన్నబోయింది. నా మాట చెప్పనక్కరలేదు.

పిల్లలూ, ఇలా ఎందుకు జరిగిందో చెబుతాను. కంప్యూటరుకు అక్షరాలు తెలియవు, సంఖ్యలే తెలుసు. మనం ఒక అక్షరం కొడితే అది ఒక సంఖ్యను దాచుకుంటుంది. ఆ సంఖ్యకు ఏ బొమ్మ గీయాలో చెప్పేది ఫాంటు. ఆ రోజులలో చాలా తెలుగు ఫాంటులు ఇంగ్లీషు అక్షరాల స్థానాలనే తీసుకుని, వాటిలో తెలుగు ముక్కలు కూర్చోబెట్టేవి. ఒక గుర్తు స్థానంలో తలకట్టు, మరొక దానిలో కొమ్ము, ఇంకొక దానిలో వత్తు. ఒక్కొక్క ఫాంటుది ఒక్కొక్క ఏర్పాటు. ఆ ఫాంటు లేకపోతే సంఖ్యలు మిగులుతాయి కాని తెలుగు మిగలదు.

ఇప్పుడు అలా కాదు. యూనికోడు అనే ఏర్పాటులో ప్రపంచంలోని చాలా లిపులకు వేరువేరు సంఖ్యలున్నాయి. 1991లో వచ్చిన మొదటి యూనికోడులోనే తెలుగుకు చోటు దొరికింది. క అంటే 3093, మ అంటే 3118. ఏ ఊళ్లో ఏ కంప్యూటరులోనైనా అంతే. అయితే కాగితం మీద ఏర్పాటు వేరు, మన బల్లమీదికి రావడం వేరు. తిరుమల కృష్ణ దేశికాచార్యులు గారు పోతన, వేమన అనే యూనికోడు ఫాంటులు చేసి అందరికీ ఉచితంగా ఇచ్చారు. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా మొదలుకావడానికి కారకుడైన వెన్న నాగార్జున గారు, పాత ఫాంటులలో ఉన్న తెలుగును యూనికోడులోకి మార్చే పద్మ అనే పనిముట్టు తయారుచేశారు. ఎంతోమంది పత్రికల పాత పేజీలు చదువుకోవడానికి అది ఉపయోగపడింది. మా ఖర్మంకొద్దీ, కొట్టువాడు వాడిన ఫాంటు అంతగా పేరులేనిది. దాని పేరు కూడా నాకు గుర్తులేదు.

అప్పుడు తొమ్మిదవ తరగతి అమ్మాయి ఒకతె, "సార్, చెదలు తినంగా మిగిలిన కాగితాలు తెచ్చినారా?" అని అడిగింది.

తెచ్చాను. ఆమె ఆ కాగితాన్ని తెర పక్కన పెట్టుకుని, వేలితో వరుసలు చూడసాగింది. కాగితం మీద అన్నిటికంటె ఎక్కువగా వచ్చే మాట "బావి". తెర మీద కూడా సరిగ్గా అవే చోట్ల ఒకే గుర్తుల గుంపు మళ్లీ మళ్లీ వస్తున్నది! ఇంకేం? తలుపు తెరుచుకున్నట్టే. పిల్లలు ఒక పెద్ద అట్ట మీద రెండు నిలువు గళ్లు గీశారు. ఎడమవైపు పిచ్చిగుర్తు, కుడివైపు తెలుగు ముక్క. మూడు రోజులు సాయంకాలాలు ఇదే పని. కంప్యూటరుకు "ఈ గుర్తు కనబడితే ఈ అక్షరం పెట్టు" అని ఒక్కొక్కటే అప్పగించారు.

కొన్ని మాటలు మాత్రం వికారంగా వచ్చాయి. "ప్రక్క" అనేది చదవడానికే వీలులేకుండా పోయింది. ఎందుకో మా ఉపాధ్యాయుడికీ అంతుపట్టలేదు, నాకూ అంతుపట్టలేదు. చివరకు ఆ అమ్మాయే పట్టుకున్నది. రకారపు వత్తును మనం ఎడమవైపునుంచి గీస్తాం గనక, పాత ఫాంటులో దాన్ని పకారం కంటె ముందే కొట్టాలి. యూనికోడులో అలా కాదు, పలికే వరుసలోనే ఉండాలి - ముందు ప, తరవాత ర. "ముందు గీసింది వెనక చదవాల, అంతే కదా సార్!" అన్నది. రెండవ పాలకోవా పొట్లం ఆమెకే పోయింది. ఆమె దాన్ని తరగతి అంతటికీ పంచింది.

మిగిలిన రెండు కాగితాలలో లేని అక్షరాలు కూడా కొన్ని ఉన్నాయి. వాటిని అర్థాన్నిబట్టి పట్టుకున్నారు. "పా-శాల బావి" అని వస్తే, నడుమ ఖాళీలో ఠకారం తప్ప మరేం పడుతుంది?

బావులన్నీ బయటికి వచ్చాక, వాటిని వెబ్ పేజీగా చేద్దామన్నారు. ఇక్కడ నేను కొంచెం మీసం తిప్పాను. ఎందుచేతనంటే ఆ విద్య నేను 2003లోనే ఒక పుస్తకం చూసి నేర్చుకున్నాను. టిమ్ బెర్నర్స్-లీ అనే ఆయన జెనీవా దగ్గరి సెర్న్ పరిశోధనశాలలో పని చేస్తూ 1989లో వెబ్ ఆలోచన చెప్పాడు. 1991లో అది లోకానికి తెలిసింది. ఆయన పేజీలు రాయడానికి ఏర్పరచిన హెచ్‌టిఎమ్‌ఎల్ అనే పద్ధతి ఎంతో పెరిగి మారిపోయినా, ఆ మొదటి పేజీ ప్రతిని ఇప్పటి బ్రౌజరులో తెరిస్తే చక్కగా చదువుకోవచ్చు.

మీరు కూడా ఒక చిన్న పని చేసి చూడండి. నోట్‌ప్యాడు తెరిచి ఈ ఏడు సంఖ్యలు వరుసగా, నడుమ ఖాళీ లేకుండా కొట్టండి: 3120, 3134, 3119, 3098, 3147, 3103, 3135. ఇక్కడి కామాలు వద్దు. ప్రతి సంఖ్యకూ ముందు అండ్ గుర్తు, దాన్ని అంటుకుని హాష్ గుర్తు, సంఖ్య చివర సెమీకోలను ఉండాలి. ఫైలు పేరు చివర చుక్క పెట్టి హెచ్‌టిఎమ్‌ఎల్ అని చేర్చి దాచండి. దాన్ని బ్రౌజరులో తెరిస్తే ఏ ఊరి పేరు కనబడుతుందో నేను చెప్పను.

మా పిల్లలు మొదట అదే చేశారు. తరవాత నేను చెప్పినట్టే బావుల పేజీ రాశారు. వాళ్ల ల్యాప్‌టాపులో బాగానే ఉన్నది. పక్క గదిలోని పాత కంప్యూటరులో తెరిస్తే మళ్లీ పిచ్చిగుర్తులు! నా గుండె జారిపోయింది. కాని ఈసారి పిల్లలు భయపడలేదు, లెక్కపెట్టారు. రాయచోటి అన్న చోట 21 గుర్తులున్నాయి. ఏడు సంఖ్యలకు 21 గుర్తులు, అంటే ఒక్కొక్క దానికి మూడు. తెలుగు ముక్క ఒక్కొక్కదాన్ని కంప్యూటరు మూడు బైట్లలో దాచుతున్నదన్నమాట. దానికి యుటిఎఫ్-8 అని పేరు. పాత కంప్యూటరు ఆ సంగతి తెలియక మూడింటినీ మూడు అక్షరాలనుకుని చదివింది. పేజీ తలలో "ఇది యుటిఎఫ్-8" అని ఒక్క వరుస చేర్చగానే తెలుగు వచ్చేసింది. నా పాత పుస్తకంలో ఆ వరుస లేదు.

ఫోనులో తెరిస్తే ఇంకొక తమాషా. అక్షరాలు చీమతలకాయలంత ఉన్నాయి. నేను నేర్చుకున్ననాడు పేజీలను జేబులో పెట్టుకుని తిరిగేవాళ్లు లేరు. "ఫోను తెర ఎంత వెడల్పో అంతకు సరిపెట్టు" అనే వరుస ఒకటి ఉన్నదట. దాన్ని ఒక కుర్రవాడు నాకు చెప్పి, నా చేతనే కొట్టించాడు. రెండు తప్పులు కొట్టాను. ఓపికగా నిలబడి దిద్దించాడు. ఉపాధ్యాయుడికి కావలసిన గుణం వాడికి ఉన్నదనుకున్నాను.

ఆ రాత్రి పాలకోవా అమ్మాయి పేజీని కువైటులో ఉన్న వాళ్ల నాయనకు పంపింది. అక్కడి గడియారం మనకంటె రెండున్నర గంటలు వెనక. ఆయన పని ముగించుకుని వచ్చి, అన్ని బావులూ చదివి, ఫోను చేశాడు.

"చింతమాను బావి ఆరు నిలువులని రాసినారు. అది తప్పు పాపా. ఏడు. చిన్నప్పుడు నేనే దిగి పూడిక తీసినాను" అన్నాడు.

పిల్లలు ముందు తమ అట్టను అనుమానించారు. అంకెలకు పాత ఫాంటులో మార్పేమీ లేదు. ఫైలులో ఆరే ఉన్నది. ఇక మిగిలింది నేనూ, మా శిష్యుడి జేజినాయనా.

ఆదివారం ఉపాధ్యాయుడు, ఇద్దరు రైతులు తాడూ రాయీ తీసుకుని చింతమాను బావి దగ్గరికి వచ్చారు. పిల్లలను గట్టుకు దూరంగా నిలబెట్టి తాడు వదిలారు. బావిలో నీళ్లు లేవు. రాయి అడుగున పడ్డ చప్పుడు మెత్తగా వినబడింది. తాడు కొలిస్తే ఆరు నిలువుల మీద ఒక మూర. అడుగున పూడిక ఎంత ఉన్నదో తవ్వితేగాని తెలియదు. పిల్లలు పేజీలో ఆ వరుస ఎదుట ఆరు, ఏడు రెండూ ఉంచి, ఎవరు ఏది చెప్పారో రాసి, పక్కన తాము కొలిచిన లెక్కా తేదీ వేశారు. రైతులలో ఒకాయన తాడు చుట్టుకుంటూ, మిగతా 40 బావులకు ఎప్పుడు పోదామని అడిగాడు.