అరువు కథ, సొంత ఆట: సంగారెడ్డి పాత జైలులో ఒక పరిశీలన

హైదరాబాద్ నుంచి ముంబై వెళ్లే జాతీయ రహదారి మీద రామచంద్రాపురం బీహెచ్ఈఎల్ దాటాక పటాన్‌చెరు, ముత్తంగి, ఇస్నాపూర్, రుద్రారం, కంది వరసగా వచ్చి సంగారెడ్డిని చేరే దారి అంతా తయారీ పరిశ్రమల ప్రాంతం. మందులు, రంగులు, యంత్ర విడిభాగాలు చేసే షెడ్లు, షిఫ్టు మారే వేళకు రోడ్డెక్కే కంపెనీ బస్సులు ఇక్కడి నిత్య దృశ్యం. ఈ దారి చివర, వస్తువును కాక అనుభవాన్ని అమ్మి దేశమంతటా పేరు తెచ్చుకున్న స్థలం ఒకటి ఉంది. 1796లో నిజాం పాలనలో కట్టిన సంగారెడ్డి జిల్లా జైలు, ఖైదీలను కందిలోని కొత్త భవనానికి తరలించాక మ్యూజియంగా మారింది. 2016లో తెలంగాణ జైళ్ల శాఖ ఇందులోనే ‘ఫీల్ ద జైల్’ పేరుతో, 500 రూపాయలు చెల్లించినవారు 24 గంటలు ఖైదీలా గడిపే ఏర్పాటు చేసింది. వేరొకరి కథను అరువు తెచ్చుకుని నడిచే ఇలాంటి ఏర్పాటు రూపకల్పన మంచిదా కాదా అన్నది ఎలా తేల్చాలి? ఈ ప్రశ్నను చాలాకాలంగా, చాలా పట్టుదలతో చర్చించినవారు పిన్‌బాల్ యంత్రాల అభిమానులు. అందుచేత జైలు గోడల దగ్గరికి వెళ్లే ముందు వారి వాదం తెలుసుకోవడం అవసరం.

పాత విండోస్ కంప్యూటర్లలో వచ్చిన పిన్‌బాల్ ఆట చాలామంది తెలుగు పాఠకులకు పరిచయమే. అసలు యంత్రం మాత్రం నడుము ఎత్తున నిలిచే పెట్టె. అందులో ఆటగాడి వైపు ఆరేడు డిగ్రీలు వాలిన, గాజు కప్పిన చెక్క పలక ఉంటుంది. సుమారు 27 మిల్లీమీటర్ల ఉక్కు బంతి దాని మీద దొర్లుతూ కిందికి జారుతుంటే, ఆటగాడు రెండు పక్కల మీటలు నొక్కి ఫ్లిప్పర్లనే చిన్న రెక్కలతో దాన్ని తిరిగి పైకి కొడతాడు. ఈ రెక్కలు 1947లో గాట్లీబ్ కంపెనీ యంత్రంతో వచ్చాయి. ఈ యంత్రాల్లో కొన్నిటికి లైసెన్స్ నేపథ్యం ఉంటుంది; అంటే ఏదైనా సినిమా, సీరియల్ లేదా సంగీత బృందం హక్కుదారులకు రుసుము కట్టి వారి పాత్రలను, బొమ్మలను, గొంతులను యంత్రంలో వాడుకోవడం. 1975లో బ్యాలీ కంపెనీ, ‘టామీ’ సినిమా ఆధారంగా ‘విజర్డ్’ అనే యంత్రాన్ని తెచ్చి ఈ పద్ధతికి బలమైన దారి వేసింది.

అప్పటి నుంచి వివాదం ఒకే చోట తిరుగుతోంది: అరువు తెచ్చుకున్న కథ యంత్రం ఆటలోకి దిగిందా, లేక అద్దం మీద అంటించిన బొమ్మగానే మిగిలిందా? సినిమా తారల ముఖాలు తీసేసి వేరే ముఖాలు అంటించినా ఆట మారకపోతే ఆ నేపథ్యం అతుకు మాత్రమేనని విమర్శకులు తేలుస్తారు. అదే పేరున్న సినిమా ఆధారంగా 1992లో ప్యాట్ లాలర్ రూపొందించిన ‘ఆడమ్స్ ఫ్యామిలీ’ యంత్రం ఈ పరీక్షలో నెగ్గినదానికి తరచూ చెప్పే ఉదాహరణ. ఆ కథలో మొండెం లేని చెయ్యి ఒక పాత్ర. యంత్రంలో అదే చెయ్యి పెట్టె మూత తెరుచుకుని పైకి లేచి, అయస్కాంతంతో బంతిని పట్టుకుని లోపలికి లాక్కుపోతుంది. పలక కింద దాచిన మరికొన్ని అయస్కాంతాలు ఒక్కోసారి బంతిని దారి తప్పించి, ఆ ఇంట్లో ఏదో అదృశ్య శక్తి తిరుగుతోందన్న భ్రమ కలిగిస్తాయి. సినిమాలో నటించిన రౌల్ జూలియా, ఆంజెలికా హ్యూస్టన్ ఈ యంత్రం కోసం మాటలు ప్రత్యేకంగా రికార్డు చేశారు. 20,000కు పైగా అమ్ముడైన ఈ యంత్రంలో కథ కంటికి కనిపించడంతో ఆగక చేతికి తగులుతుంది. దీనికి ఎదురు ఉదాహరణ కూడా చెప్పాలి. 1997 నాటి ‘మెడీవల్ మ్యాడ్‌నెస్’ ఏ లైసెన్సూ లేని యంత్రం. అయినా కోట తలుపును బంతితో పదేపదే కొట్టి, కోటను కూల్చే ఏర్పాటు వల్ల అది కూడా అంతే గౌరవం పొందింది. కాబట్టి హక్కులు కొనుక్కోవడం వేరు, కథను ఆట నియమంగా మార్చడం వేరు. రెండోది లేనప్పుడు మొదటిదానికి పెట్టిన ఖర్చు పెట్టె మీది రంగులకే సరిపోతుంది.

ఈ కొలమానంతో సంగారెడ్డి జైలును చూస్తే, ముందుగా భవనానికి దక్కాల్సిన మార్కులు దానికి ఇవ్వాలి. రెండు శతాబ్దాలు దాటిన మందపాటి గోడలు, బ్యారక్‌ల ఇనుప ఊచలు సెట్టింగు కాదు. ఏ కళా దర్శకుడూ వేయించలేని వాస్తవం ఆ గోడలకు ఉంది. ప్రవేశించిన అతిథికి ఇస్తామని శాఖ ప్రకటించిన సరంజామా కూడా ఆలోచించి ఎంచినదే: ఖాదీ దుస్తులు, స్టీలు పళ్లెం, గ్లాసు, మగ్గు, ఒంటికీ బట్టలకీ సబ్బులు. తిండి జైలు నిబంధనల ప్రకారం. పని చేయించరు గానీ తాను ఉండే గదిని తానే ఊడ్చుకోవాలి. చీపురు పట్టించడం ఇందులో అన్నిటికన్నా తెలివైన నిర్ణయం, ఎందుకంటే చొక్కా వేసుకున్నవాడు ఫొటో దిగి ఊరుకోవచ్చు గానీ, తన పళ్లెం తానే కడిగి, తన నేల తానే ఊడ్చుకునేవాడి ఒంటికి ఆ స్థలం ఎంతో కొంత అంటుకుంటుంది. మన దేశపు జైళ్లలో సాధారణంగా పొద్దుగుంకే వేళకే లెక్క చూసి తాళాలు వేస్తారు; హైదరాబాద్‌లో అర్ధరాత్రి దాకా మెలకువగా ఉండే ఉద్యోగికి ఆరు గంటలకే ముగిసే ఆ దినచర్య, ఎన్ని బొమ్మలు పెట్టినా చెప్పలేని సంగతిని చెబుతుంది.

అయితే లోటు కూడా అక్కడే ఉంది. పిన్‌బాల్ పెట్టెలో టిల్ట్ అనే ఏర్పాటు ఉంటుంది. వలయం మధ్య వేలాడే లోహపు గుండు, ఆటగాడు పెట్టెను మరీ గట్టిగా కుదిపితే వలయానికి తగిలి, ఫ్లిప్పర్లను ఆపేసి ఆ బంతిని పోగొడుతుంది. తప్పుకు ఫలితం ఉండటం వల్లే ఆటగాడు ఆ లోకాన్ని నమ్ముతాడు. జైలు జీవితానికి మూల నియమం మాత్రం తలుపు ఎప్పుడు తెరుచుకుంటుందో లోపలివాడి చేతిలో లేకపోవడం, విచారణ ఖైదీ విషయంలో ఆ తేదీ తెలియను కూడా తెలియకపోవడం. టికెట్ కొన్న అతిథికి అది ముందే తెలుసు, 24 గంటలు. అంత గట్టి గోడల మధ్య కూడా అనుభవం పల్చబడటానికి కారణం ఇదే. వినోదం కోసం మనిషిని నిజంగా నిస్సహాయుణ్ణి చేయడం తగదు కనుక ఈ లోటును నియమాలు బిగించి తీర్చడం కుదరదు, తీర్చాలని కోరడమూ సబబు కాదు.

దాన్ని తీర్చగలిగేది గొంతు. ఆడమ్స్ యంత్రానికి నటుల గొంతు ఉంది, దానికి అనుమతి ఉంది, పారితోషికం ఉంది. జైలు అనే నేపథ్యాన్ని అరువిచ్చినవారు అక్కడ శిక్ష అనుభవించినవారు. ప్రకటించిన సామాన్ల జాబితాలో వారి పళ్లెం ఉంది, వారి దుస్తులు ఉన్నాయి, వారి మాట లేదు. ఇతర దేశాల్లో ఖైదీల మాట వినిపించే పని జరిగింది. దక్షిణాఫ్రికాలో 1997లో మ్యూజియంగా తెరిచిన రాబెన్ దీవి జైలును ఒకప్పటి రాజకీయ ఖైదీలే దగ్గరుండి చూపించారు. అమెరికాలోని ఆల్కట్రాజ్‌లో సందర్శకుడి చెవిలో పాత ఖైదీలు, పాత కాపలాదారులు స్వయంగా మాట్లాడతారు. తెలుగువారికి ఇది కొత్త నేర్చుకోవలసిన విద్య కూడా కాదు. నిజాం వ్యతిరేక పోరాటంలో నిజామాబాద్ జైలులో బందీగా ఉన్న దాశరథి కృష్ణమాచార్య బొగ్గుతో గోడల మీద పద్యాలు రాశారు. అదే జైలులో ఆయనతో ఉన్న వట్టికోట ఆళ్వారుస్వామి తర్వాత ‘జైలు లోపల’ కథల్లో, నేరం పేరుతో లోపలికి వచ్చినవారిని పేరూ ఊరూ బాధా ఉన్న మనుషులుగా నిలబెట్టారు. తెలంగాణ జైలుకు ఇంత సాహిత్యం ఉండగా, ఆ జైలు అనుభవాన్ని పళ్లెం, మగ్గులతో సరిపెట్టడం చేతిలో ఉన్న సంపదను వాడుకోకపోవడమే.

చేయదగిన మార్పు పెద్దదేమీ కాదు. శిక్ష పూర్తిచేసుకుని బయటికి వచ్చినవారిలోనూ పదవీ విరమణ చేసిన వార్డర్లలోనూ ఇష్టమున్నవారిని మార్గదర్శకులుగా పెట్టుకుని, రావడానికి ఇష్టం లేనివారి కథలను వారి సమ్మతితో, పేర్లు మార్చి రికార్డు చేసి ఏ బ్యారక్ కథ ఆ బ్యారక్‌లోనే వినిపించవచ్చు. రూపకల్పనలో సాయం కావాలంటే కందిలో ఐఐటీ హైదరాబాద్‌కు సొంత డిజైన్ విభాగమే ఉంది. అతిథి కట్టే రుసుములో కథ ఇచ్చినవారి వాటా ఎంతో రసీదు మీదే అచ్చువేయాలి.