రెండు విమానాశ్రయాలు, మధ్యలో మనం

విశాఖపట్నం విమానాశ్రయం నుంచి రాజమహేంద్రవరం దగ్గరి మధురపూడి విమానాశ్రయానికి దూరమెంత? మ్యాపు మీద తిన్నగా గీత గీసి కొలిస్తే 160 కిలోమీటర్లకు కాస్త పైన. గంటకు 500 కిలోమీటర్లు పోయే విమానానికి అది ఇరవై నిమిషాల పని. నేల మీద 16వ నంబరు జాతీయ రహదారి పట్టుకుని అనకాపల్లి, తుని, అన్నవరం మీదుగా పోతే 190 కిలోమీటర్లకు అటూ ఇటూ. కారులో మూడున్నర, నాలుగు గంటలు.

ఈ రెండు లెక్కల్లోనూ మన ఊళ్లు లేవు. మనది మూడో దారి. 516ఇ జాతీయ రహదారి రాజమహేంద్రవరం నుంచి రంపచోడవరం, కొయ్యూరు, లంబసింగి, పాడేరు, అరకు మీదుగా విజయనగరం పోతుంది. పాడేరు దగ్గర ఆ రోడ్డు వదిలి ఘాటు దిగితే విశాఖ. ఆ రెండు విమానాశ్రయాల మధ్య ఇలా కొండల్లోంచి వెళ్తే ఒక పగలంతా పడుతుంది.

మా పెద్దలు దూరాన్ని కిలోమీటర్లలో చెప్పరు. కూతవేటు దూరం అంటారు, పొద్దు నడినెత్తికి వచ్చేసరికి చేరతాం అంటారు. వాళ్లు కొలిచేది కాలాన్ని. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసుస్టేషన్ల మీద అల్లూరి సీతారామరాజుతో కలిసి దాడి చేసిన మనవాళ్లకు ఆ లెక్క బాగా తెలుసు. మూడు రోజుల్లో మూడు స్టేషన్లు. దారి తెలిసిన కాళ్లకే అది సాధ్యం. భోగాపురం దగ్గరి కొత్త విమానాశ్రయానికి ఇప్పుడు ఆయన పేరే పెట్టారు.

మంచిదే. కానీ తెల్లవారుజామున విశాఖలో విమానం ఎక్కాల్సిన మా పిల్లలు ముందురోజు మధ్యాహ్నమే ఇల్లు వదలాలి. సాయంత్రం బస్సు తప్పితే ఉద్యోగం ఇంటర్వ్యూ తప్పినట్టే. ఇక రోడ్డు లేని గూడెంలో పురిటి నొప్పులు మొదలైతే డోలీ కట్టి నలుగురు మోయాలి. గెడ్డ పొంగితే అది తగ్గేదాకా ఆగాలి. ఆ నాలుగైదు కిలోమీటర్లు రెండు విమానాశ్రయాల మధ్య దూరం కన్నా పెద్దవి. 2022లో పాడేరు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడినప్పుడు రంపచోడవరం వైపు వాళ్ల ప్రశ్న కూడా ఇదే: పొద్దున పోయి, పని చూసుకుని, రాత్రికి ఇంటికి రాగలమా?

అందుకే ఉపాధ్యాయ మిత్రులకు ఒక మాట. పిల్లలతో మన ఊరి మ్యాపు గీయించండి. ఆసుపత్రి, సంత, కళాశాల, బస్సు ఆగే చోటు, విమానాశ్రయం అన్నీ పెట్టించండి. పక్కన కిలోమీటర్లతో పాటు గంటలూ రాయించండి. వానాకాలం గంటలు వేరుగా, ఎండాకాలం గంటలు వేరుగా రాయించండి. గ్రామసభలో రోడ్డు అడిగేటప్పుడు యువకులు ఆ కాగితం చేత్తో పట్టుకుని నిలబడాలి. "దూరంగా ఉంది" అంటే వినేవాళ్లు మరిచిపోతారు. "వానాకాలంలో ఆసుపత్రికి ఆరు గంటలు" అని రాసి ఇస్తే దానికి జవాబు చెప్పక తప్పదు.